పెద్ద నక్షత్రాల చివరి దశ – కృష్ణబిలాలు

(తొర్రూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు – ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఏదైనా విజ్ఞాన విషయం మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, సబ్ పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి. సైన్సు చదివింది ఇంటర్ వరకే. ఎదురుగా సైన్సు మాస్టార్లు కూర్చున్నారు. అయినా ధైర్యం చేస్తున్నాను. దానికి ఒక కారణం ఉంది. ఒక పిల్లవాడికి నేను జవాబు బాకీ పడ్డాను. ఆ సంగతి ముందు మనవి చేస్తాను.

1970ల చివరి రోజులు. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. అప్పుడు మనది వరంగల్ జిల్లా. 2016లో కదా మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాం. సంక్రాంతి పండుగ వెళ్లిన తర్వాత ఒకనాడు పొద్దున్నే, దగ్గరి పల్లె నుంచి నలుగురు మనుషులు ఆయాసపడుతూ పోస్టాఫీసుకు వచ్చారు. చెలకలో ఆకాశం నుంచి ఏదో పడ్డదన్నారు. పెద్ద గుడ్డ, తాళ్లు, ఒక పెట్టె. బాంబేమోనని ఊరంతా దూరంగా నిలబడి ఉంది. దాన్ని మొదట చూసినవాడు పది, పన్నెండేళ్ల గొర్ల కాపరి పిల్లవాడు. వాణ్ణి కూడా వెంట తెచ్చారు.

నేను వెళ్లి చూశాను. పెట్టె మీద అతికించిన కాగితంలో తెలుగులో కూడా రాసి ఉంది. ఇవి విలువైన శాస్త్ర పరికరాలు, ముట్టుకోవద్దు, దగ్గరి పోలీసు స్టేషన్లో గాని పోస్టాఫీసులో గాని తెలపండి, తగిన బహుమతి ఇస్తాం – అని దాని సారాంశం. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం నుంచి వదిలిన పెద్ద బెలూను తాలూకు పెట్టె అది. నేను వెంటనే తంతి కొట్టించాను. మరునాడు జీపులో ఇద్దరు వచ్చి పెట్టెను జాగ్రత్తగా తీసుకుపోయారు. ఇదేమిటని అడిగితే, "కొన్ని నక్షత్రాల నుంచి ఎక్స్‌రేలు వస్తాయండీ. గాలి పొర వాటిని కిందికి రానివ్వదు. అందుకే పైకి పంపి కొలుస్తాం" అని ఒక్క ముక్క చెప్పారు. నాకు సరిగా అర్థం కాలేదు. అడిగితే చిన్నతనమని ఊరుకున్నాను.

వాళ్లు వెళ్లిపోయాక ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. "సారూ, గంత పైకి పంపిండ్రు గదా, ఆడ ఏం జూసిండ్రట?" అన్నాడు.

"నీకెందుకురా అదంతా? పోయి గొర్లను చూసుకో పో" అన్నాను.

వాడు తల వంచుకుని పోయాడు. నాకు తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక వాణ్ణి గదిమాను. ఆ మాట అప్పుడే మరిచిపోయాను కూడా. నలభై ఏళ్లు దాటిన తర్వాత, పదో తరగతి చదివే నా మనుమరాలు ఒక రాత్రి డాబా మీద "తాతయ్యా, సూర్యుడు కూడా బ్లాక్ హోల్ అవుతాడా?" అని అడిగింది. "నీకెందుకే, లెక్కలు చేసుకో" అనే మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆ గొర్ల కాపరి పిల్లవాడి ముఖం గుర్తుకొచ్చి ఆగిపోయాను. ఆ తర్వాత ఒక ఏడాది పాటు దొరికిన పుస్తకాలు చదివాను. చదివి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

నక్షత్రం అంటే మండే వాయువుల గోళం అంటాం. మండడమంటే కట్టెల మంట కాదు. లోపల విపరీతమైన వేడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి. మన సూర్యునిలో సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా మారుతుంది. అందులో సుమారు 40 లక్షల టన్నుల పదార్థం శక్తిగా మారి బయటకు వస్తుంది. మన పంటలు, మన వానలు, మన ఎండాకాలం అన్నీ దాని చలవే.

నక్షత్రంలో రెండు బలాలు ఎప్పుడూ పోట్లాడుకుంటూ ఉంటాయి. దాని బరువే దాన్ని లోపలికి నొక్కుతుంది. లోపలి వేడి, ఒత్తిడి బయటికి తోస్తాయి. రెండూ సమంగా ఉన్నన్నాళ్లు నక్షత్రం నిలకడగా ఉంటుంది. ఇంధనం అయిపోతే తోసేవాడు లేడు, నొక్కేవాడు మాత్రం ఉంటాడు. నక్షత్రాల చావు కథంతా ఇదే.

మరి పెద్ద నక్షత్రానికి ఇంధనం ఎక్కువ గదా, ఎక్కువ కాలం బతకాలి గదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. జరిగేది దానికి విరుద్ధం. ఇది మనకు తేలిగ్గా అర్థమయ్యే లెక్కే. ఇరవై రెట్లు జీతం ఉన్నవాడు వేల రెట్లు ఖర్చు పెడితే ఎన్నాళ్లు నిలబడతాడు? బరువు ఎక్కువైన కొద్దీ లోపల వేడి పెరిగి, మంట విపరీతంగా వేగం అందుకుంటుంది. సూర్యుడు పుట్టి 460 కోట్ల ఏళ్లయింది. ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్ల హైడ్రోజన్ ఉంది. సూర్యునికి 25 రెట్లు బరువున్న నక్షత్రం తన హైడ్రోజన్‌ను 70 లక్షల ఏళ్లలోనే ఖర్చు చేసుకుంటుంది.

ఆ తర్వాత జరిగేది వింటే ఆశ్చర్యం కలుగుతుంది. హైడ్రోజన్ అయిపోగానే నడిమి భాగం కుంచించుకుని ఇంకా వేడెక్కి, హీలియాన్ని మండించడం మొదలుపెడుతుంది. అది కొన్ని లక్షల ఏళ్లు వస్తుంది. తర్వాత కార్బన్. అది కొన్ని వందల ఏళ్లు. నియాన్ ఒక ఏడాది. ఆక్సిజన్ కొన్ని నెలలు. చివరకు సిలికాన్ ఒక్క రోజు. నగదు అయిపోయాక నగలు, నగలు అయిపోయాక పొలం, పొలం అయిపోయాక ఇల్లు అమ్ముకునే సంసారం లాగా, ఒక్కొక్కటీ ముందుదానికంటే త్వరగా ఖర్చవుతుంది.

సిలికాన్ మండిన తర్వాత మిగిలేది ఇనుము. అక్కడ కథ ఆగిపోతుంది. ఎందుకంటే ఇనుప కేంద్రకాలను కలిపితే శక్తి రాదు, ఎదురు శక్తి ఖర్చవుతుంది. నక్షత్రం నడిబొడ్డున భూమి అంత పరిమాణంలో ఇనుప ముద్ద తయారవుతుంది. దాని బరువు ఒక హద్దు దాటగానే అది తన మీద తానే కూలిపోతుంది. లక్షల ఏళ్లు నిలబడ్డది కూలడానికి పట్టే సమయం ఒక్క సెకను కంటే తక్కువ.

ఆ హద్దును లెక్కగట్టింది మన దేశస్థుడే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1910లో లాహోరులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్నారు. 1930లో పై చదువులకు ఓడలో ఇంగ్లండు వెళ్తూ, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆ ప్రయాణంలోనే ఈ లెక్క మొదలుపెట్టారు. చిన్న నక్షత్రాలు ఇంధనం అయిపోయాక శ్వేత కుబ్జాలుగా, అంటే భూమి అంత ఉండే దట్టమైన తెల్లని ముద్దలుగా మిగిలిపోతాయని అప్పటికే తెలుసు. ఆ ముద్దలో ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ బరువును ఆపుతాయి. కాని సూర్యుని బరువుకు సుమారు 1.4 రెట్లు దాటితే ఆ తోపు సరిపోదని చంద్రశేఖర్ లెక్క తేల్చింది. అదే చంద్రశేఖర్ అవధి.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో ఆయన ఈ సంగతి చెప్పారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. ఆయన కూర్చోగానే సర్ ఆర్థర్ ఎడింగ్టన్ లేచారు. ఎడింగ్టన్ అంటే ఆనాడు ఖగోళ శాస్త్రంలో అందరికంటే పెద్ద పేరు. నక్షత్రం అట్లా అంతులేకుండా కుంచించుకుపోవడం అసంబద్ధమని, దాన్ని అడ్డుకునే ప్రకృతి నియమం ఏదో ఉండి తీరాలని ఆయన కొట్టిపారేశారు. సభ నవ్వింది. లెక్కలో తప్పు ఎక్కడుందో మాత్రం ఎడింగ్టన్ చూపలేదు. చంద్రశేఖర్ కొన్నేళ్ల తర్వాత ఆ విషయం పక్కనబెట్టి వేరే పరిశోధనల్లోకి వెళ్లారు. 1983లో, ఆయనకు 73 ఏళ్ల వయసులో, నోబెల్ బహుమతి వచ్చింది. 1995లో చికాగోలో కన్నుమూశారు.

ఎడింగ్టన్ చెడ్డవాడు కాదు. మహా పండితుడు. కాని తన మనసుకు నచ్చని జవాబు వచ్చేసరికి, లెక్క చూడకుండా కుర్రవాణ్ణి కూర్చోబెట్టాడు. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతటి మహానుభావునితో నన్ను పోల్చుకోవడం కాదు గాని, గొర్ల కాపరి పిల్లవాడికి నేను చేసిందీ ఆ బాపతే.

మళ్లీ నక్షత్రం దగ్గరికి వద్దాం. నక్షత్రం అంతం ఎట్లా ఉండేదీ దాని బరువును బట్టి ఉంటుంది. సూర్యుని లాంటివి ఉబ్బి ఎర్రబడి, పై పొరలు వదిలేసి, శ్వేత కుబ్జాలై నెమ్మదిగా చల్లారిపోతాయి. నా మనుమరాలికి ఇదే జవాబు చెప్పాను. సూర్యుడు కృష్ణబిలం కాడు, అంత బరువు లేదు. సూర్యునికి ఎనిమిది రెట్లకు పైబడిన నక్షత్రాల్లో ఇందాక చెప్పిన ఇనుప ముద్ద కూలుతుంది. పై పొరలు బ్రహ్మాండంగా పేలిపోతాయి. దాన్నే సూపర్‌నోవా అంటారు. 1054లో వృషభ రాశి దిక్కున అలాంటిది పేలితే, చైనా వాళ్లు పట్టపగలే చూసి రాసిపెట్టుకున్నారు. అక్కడ ఇవాళ న్యూట్రాన్ తార మిగిలి ఉంది. ఇరవై కిలోమీటర్ల వెడల్పులో సూర్యుడికి మించిన బరువు ఇమిడి, సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోంది.

నక్షత్రం ఇంకా బరువైనదైతే, సుమారుగా సూర్యునికి 20, 25 రెట్లకు పైబడితే, మిగిలే ముద్ద న్యూట్రాన్ తారగా కూడా నిలవలేకపోవచ్చు. ఈ హద్దు గీత గీసినట్టు ఉండదు. జీవితకాలంలో ఆ నక్షత్రం ఎంత పదార్థాన్ని గాలిలా వదులుకుంది అనే దాన్ని బట్టి కూడా మారుతుంది. మిగిలిన ముద్ద సూర్యునికి రెండు, మూడు రెట్లు దాటితే మాత్రం దాన్ని ఆపగల బలం ప్రకృతిలో ఏదీ మనకు తెలియదు. అది కూలుతూనే పోతుంది. అదే కృష్ణబిలం, బ్లాక్ హోల్. 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ అనే శాస్త్రజ్ఞులు లెక్క వేసి చూపించారు. బ్లాక్ హోల్ అనే పేరు 1967 తర్వాత జాన్ వీలర్ వల్ల వాడుకలోకి వచ్చింది.

ఇది నిజానికి బిలం కాదు, బావి కాదు. మనం రాయి పైకి విసిరితే కింద పడుతుంది. సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగంతో విసరగలిగితే ఇక తిరిగి రాదు, భూమిని దాటి పోతుంది. సూర్యుని మీద నుంచి అయితే 618 కిలోమీటర్ల వేగం కావాలి. అదే సూర్యుణ్ణి నొక్కి నొక్కి మూడు కిలోమీటర్ల వ్యాసార్ధానికి తెచ్చామనుకోండి, అంటే మన తొర్రూరు, చుట్టుపక్కల చెలకలు కలిపినంత, అప్పుడు కావలసిన వేగం కాంతి వేగమంత అవుతుంది. అంతకు మించిన వేగం దేనికీ లేదు. కనుక వెలుగు కూడా బయటికి రాదు. రాని వెలుగును మనం చూడలేం. అందుకే అది నలుపు.

కృష్ణబిలం అన్నిటినీ లాగి మింగేస్తుందని చాలామంది భయం. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలం ఉంటే భూమి ఇప్పుడు తిరిగినట్టే తిరుగుతుంది. చీకటి, చలి తప్ప లాగుడు ఏమీ పెరగదు. బాగా దగ్గరికి పోయినవాడికే ముప్పు.

మరి కనబడని దాన్ని ఎట్లా కనిపెట్టారు? ఇక్కడే మన చెలకలో పడ్డ పెట్టె వస్తుంది.

చాలా నక్షత్రాలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకటి కృష్ణబిలమైతే, రెండోదాని నుంచి వాయువు దాని వైపు జారుతుంది. నేరుగా పడదు, సుడి తిరుగుతూ దిగుతుంది. ఆ సుడిలో రాపిడికి లక్షల డిగ్రీలు దాటి వేడెక్కి, ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. హద్దు దాటకముందు ఆ వాయువు పెట్టే కేక అది. కాని ఆ ఎక్స్‌రేలను మన గాలి పొర ఆపేస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు జపాల్–రంగాపూర్‌లో 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని పెద్దదే గాని, నేల మీది దూరదర్శినికి ఈ కిరణాలు అందవు. అందుకే టాటా సంస్థ శాస్త్రజ్ఞులు పల్చని ప్లాస్టిక్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి, పరికరాల పెట్టెలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. 1968లో హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూను వృశ్చిక రాశి దిక్కున ఉన్న ఎక్స్‌రే తారను కొలిచింది. మన దేశంలో ఈ విద్యకు అదే తొలి అడుగు. తర్వాత అక్కడి నుంచే సిగ్నస్ ఎక్స్–1ను కూడా కొలిచారు. పని అయ్యాక పారాచూట్లతో ఆ పెట్టెలు మన తెలంగాణ చెలకల్లోనో, పక్క రాష్ట్రాల పొలాల్లోనో దిగేవి.

సిగ్నస్ ఎక్స్–1 అంటే హంస ఆకారంలో ఉండే తారా మండలంలో 1964లో రాకెట్టు పరికరం కనుగొన్న ఎక్స్‌రే మూలం. 1971, 72లలో దూరదర్శినులతో చూస్తే, అక్కడొక నీలి రంగు పెద్ద నక్షత్రం కనిపించింది. అది 5.6 రోజులకొకసారి దేని చుట్టూనో తిరుగుతోంది. ఆ నడిమి వస్తువు మాత్రం కనబడలేదు. జోడీ నడకను బట్టి కనబడని దాని బరువు లెక్కగట్టారు. 2021లో సవరించిన లెక్క ప్రకారం అది సూర్యునికి సుమారు 21 రెట్లు. న్యూట్రాన్ తార అంత బరువు ఉండలేదు. కాబట్టి అది కృష్ణబిలమే. తన చుట్టూ తాను తిరగకుండా ఉంటే దాని వెడల్పు సుమారు 125 కిలోమీటర్లు, అంటే దాదాపు పాత వరంగల్ జిల్లా అంత విస్తీర్ణం. తిరుగుతోంది కాబట్టి ఇంకా తక్కువే. స్టీఫెన్ హాకింగ్ అది కృష్ణబిలం కాదని 1974లో మిత్రుడు కిప్ థోర్న్‌తో పందెం కాశారు. 1990లో ఓడిపోయానని సంతకం చేశారు. పెద్దవాళ్లు ఓటమి ఒప్పుకోవడం ఎంత అందంగా ఉంటుందో చూడండి.

ఆనాటి బెలూను పెట్టెల పని తర్వాత మన ఉపగ్రహాలు అందుకున్నాయి. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఎగిరింది. రెండూ ఇలాంటి ఎక్స్‌రే మూలాలను చూడడానికి పంపినవే. ఇంకో మార్గం కూడా తెరుచుకుంది. 2015 సెప్టెంబర్ 14న, రెండు కృష్ణబిలాలు ఢీకొని కలిసిపోయినప్పుడు పుట్టిన అలలను అమెరికాలోని లైగో పరికరాలు పట్టుకున్నాయి. అలాంటి పరికరాన్నే మహారాష్ట్రలో, మన సరిహద్దుకు దగ్గరలోని హింగోలి జిల్లాలో కట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపింది. మన మనుమలు, మనుమరాళ్లలో ఎవరైనా రేపు అక్కడ పనిచేయవచ్చు.

చివరగా ఒక మాట. మనకు ఆరుద్ర కార్తె తెలుసు. తొలకరి వానలకు చెలకల్లో ఎర్రని ఆరుద్ర పురుగులు కనబడతాయి. ఆ ఆరుద్ర నక్షత్రం కూడా ఎర్రదే. చలికాలం రాత్రి మూడు చుక్కలు వరుసగా కనబడేచోట, వాటికి కొంచెం ఎడంగా ఎర్రగా మెరుస్తుంది. అది కూడా అవసాన దశలో ఉన్న పెద్ద నక్షత్రమే. ఇంకో లక్ష ఏళ్లలోపు పేలవచ్చునంటారు. అక్కడి వెలుగు మన దగ్గరికి రావడానికి ఐదారు వందల ఏళ్లు పడుతుంది. నేను తపాలా మనిషిని కాబట్టి నాకు ఇలా తోస్తుంది. రాసినవాడు పోయిన తర్వాత చేరిన ఉత్తరాలను నేను చేతులారా అందించాను. ఆకాశంలో మనం చూసే ప్రతి చుక్కా అలా ఆలస్యంగా అందే ఉత్తరమే.

పేలిన నక్షత్రాలు వట్టిగా పోవు. మన బయ్యారం గుట్టల్లోని ఇనుప రాయిలో ఉన్న ఇనుము, మన నెత్తురులో ఉన్న ఇనుము, ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాల్లో తయారైనదే.

ఆ గొర్ల కాపరి పిల్లవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. వాడికీ ఇప్పుడు అరవై దగ్గర పడి ఉంటుంది. ఈ చుట్టుపక్కలే ఉండి, ఈ సంచిక ఎవరి ద్వారానైనా అతని చెవిన పడితే, నా తరఫున ఇట్లా చెప్పండి. "అయ్యా, నువ్వు అడిగింది మంచి ప్రశ్న. పైన వాళ్లు చూసింది, చచ్చిపోయిన పెద్ద నక్షత్రం చివరి జాడ. ఆనాడు నాకు తెలియదు. తెలియదని చెప్పాల్సింది, చెప్పలేదు."

తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. కాబట్టి నా జవాబును మీ అందరి చేతుల్లో పెడుతున్నాను. మీ ఇళ్లలో పిల్లలు ఏదైనా అడిగితే, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే "నాకు తెలియదు, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. మనకు ఇప్పుడు తీరిక ఉంది గదా.